ఆవము నేర్పిన విద్య: బెర్నార్డ్ పాలిసీ

బొగ్గుగనుల నడుమ నివసించు మనకు నిప్పు క్రొత్త గాదు. కాని నిప్పు ముందు పదునైదేండ్లకు పైగా విద్యార్థిగా కూర్చున్న ఒక మహాశయుని మన విద్యార్థులలో చాలమంది ఎరుగరు. అందుచేత ఫ్రాన్సు దేశపు కుంభకారుడు బెర్నార్డ్ పాలిసీ జీవితమును ఇచ్చట పరిచయము చేయదలచినాము.

పాలిసీ ఇంచుమించు 1510లో నైరృతి ఫ్రాన్సులో జన్మించినాడు. గాజుపై చిత్రములు వ్రాయుట, భూములు కొలుచుట ఆయన వృత్తులు. 1539 ప్రాంతమున సాంత్ పట్టణములో భార్యాబిడ్డలతో స్థిరపడినాడు. ఒకనాడు మెరుగుపూత గల మట్టిగిన్నె నొకదానిని చూచి, ఆ పూతను తానే సాధింప నిశ్చయించినాడు. తగరముతో తెల్లపూత వేయు విద్యను 9వ శతాబ్దిలోనే ఇరాకు కుంభకారులు సాధించినారు. అది స్పెయిన్, ఇటలీలకు ప్రాకినది. కాని వృత్తిరహస్యము పరులకెవరు చెప్పుదురు? పాలిసీకి ఆవమే గురువైనది.

కుండలు కొని, పగులగొట్టి, ఒక్కొక్క పెంకుపై ఒక్కొక్క మిశ్రమము పూసి, దేనిలో ఏమి కలిపినదీ వ్రాసికొని కాల్చినాడు. కుమ్మరి ఆవములో ఏ పూతయు కరగలేదు. వేడి చాలలేదేమో యని గాజుకొలిమికి పంపసాగినాడు. తుదకు మూడువందలకు పైగా పెంకులలో ఒక్కటి తెల్లగా, నున్నగా వెలువడినది.

ఆపై ఇంటనే ఆవము కట్టినాడు. ఆరు దినములు రేయింబవళ్ళు మండించినను పూత కరగలేదు. కట్టెలు అయిపోగా తోటలోని గుంజలు, పిదప బల్లలు, నేలపలకలు కూడ నిప్పులో వేసినాడు. ఊరివారు పిచ్చివాడన్నారు, దొంగనాణెములు చేయుచున్నాడన్నారు. పాలిసీ కథ చెప్పువారందరు ఇచ్చటనే ఆగి ఆయన పట్టుదలను పొగడుదురు. ఆ ఇల్లాలి కష్టమును తలచినవారు తక్కువ.

మాకు మాత్రము తరువాతి ఘట్టమే గొప్పగా తోచును. మరియొక పర్యాయము పూత చక్కగా కరగినది. కాని ఆవము కట్టిన సున్నపు అడుసులో చెకుముకిరాళ్ళుండెను. వేడికి అవి పేలి, ముక్కలు పాత్రల పూతలో అంటుకొని, కత్తివలె గీసికొనునట్లయినవి. చౌకగా కొందుమని వచ్చినవారున్నను, అప్పులున్నను, ఆయన ఆ పాత్రలన్నిటిని పగులగొట్టినాడు. వేరొకమారు మంటతో ఎగసిన బూడిద పూతపై పడినది. అందులకు మట్టితో మూతపాత్రలు చేసి వాటిలో నుంచి కాల్చినాడు. ఒక రంగు కరగులోపల మరియొకటి మాడిపోవుచుండెను. అన్నియు ఒక్క వేడికి కరగునట్లు పాళ్ళు మార్చినాడు.

బల్లులు, పాములు, చేపలు సజీవములవలె కనబడు ఆయన పళ్ళెములు తుదకు రాజగృహమున కెక్కినవి. రాణి కేథరిన్ ఆదరించినది. 1575 నుండి పారిస్‌లో ప్రకృతిశాస్త్రముపై ఉపన్యసించినాడు. రాళ్ళలోని గవ్వలు ఒకప్పటి ప్రాణుల అవశేషములని బోధించినాడు. అయినను ప్రొటెస్టెంటు మతమును విడువనందుకు 1588లో చెరసాల పాలై, 1590 ప్రాంతమున బాస్టీల్ కోటలో మరణించినాడు.

1580లో ప్రకటించిన గ్రంథములో పూతలో చేరు పదార్థముల పేర్లు చెప్పినాడు గాని పాళ్ళు చెప్పలేదు. తన ఆవము చెడిన విధములను మాత్రము విస్తరించి వ్రాసినాడు.