కార్మికబంధువు గిరిగారు

శ్రమజీవి జ్వరపడి మంచమెక్కినను, గర్భిణి ప్రసవమునకై పని మానినను, ఆ దినమునుండియే కూలి నిలిచిపోవుట ధర్మమా? కార్మికుని బ్రతుకునకు చట్టము అండగా నిలువవలెనని పాటుపడిన ఆంధ్రులలో వరాహగిరి వేంకటగిరిగారు అగ్రగణ్యులు.

వీరు 1894 ఆగష్టు 10వ తేదీన బరంపురమున జన్మించిరి. తండ్రి జోగయ్యపంతులుగారు పేరెన్నికగన్న న్యాయవాది. 1913లో న్యాయవిద్యకై డబ్లిను నగరమునకేగిన గిరిగారు ఐరిష్ స్వాతంత్ర్యవాదులతో చెలిమిచేసి, 1916 తిరుగుబాటు పిదప ఆ దేశమును విడువవలసినవారైరి. స్వదేశమున న్యాయవాదవృత్తిని సహాయనిరాకరణోద్యమమునకై త్యజించి, బెంగాలు నాగపూరు రైల్వే కార్మికులను సంఘటితపరచిరి.

1927లో జినీవా అంతర్జాతీయ కార్మికమహాసభకు భారతకార్మిక ప్రతినిధిగా వెడలిరి. పరిశ్రమలలోని వారికి రోగబీమా కల్పింపవలెనను ఒడంబడికను ఆమోదించినది ఆ యేటి సభయే. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజావారిని ఓడించి, మదరాసు ప్రభుత్వమున కార్మిక, పరిశ్రమల శాఖామంత్రియైరి. స్త్రీకార్మికులకు ప్రసూతిసహాయ మొసగు 1934 నాటి చట్టము ఆ రాష్ట్రమున అప్పటికే కలదు. దేశమంతటికిని అట్టి చట్టము 1961లోగాని రాలేదు. రాష్ట్రము తలచినచో కేంద్రమునకు ముందు నడువగలదనుటకు ఇదియే నిదర్శనము.

జనులు ఈఎస్ఐ యని పిలుచు బీమాపథకము 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో ఆరంభమయ్యెను. రోగమునందును, ప్రసూతియందును నగదు సహాయము ముట్టజెప్పు పథకమిది. ఆ సంవత్సరమే కేంద్ర కార్మికమంత్రియైన గిరిగారిపై దాని శైశవపోషణభారము పడెను. 1954లో బ్యాంకు ఉద్యోగుల విషయమున ట్రిబ్యునలు తీర్పును ప్రభుత్వము సవరింపగా, సమ్మతింపక మంత్రిపదవిని తృణప్రాయముగా వదలిరి. పిదప 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగానుండి, 1980 జూన్‌లో పరమపదించిరి.

నేడు ఇబ్రహీంపట్నము ప్రాంతమున, కొంగరకలానులో, వ్యవసాయభూముల సరసనే ఎలక్ట్రానిక్సు పరిశ్రమ వెలసినది. 2023 మే నెలలో అచట ఫాక్స్‌కాన్ కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. ప్రసూతిసెలవు 2017లో ఇరువదియారు వారములైనది. కాని అంతకుముందు పన్నెండు మాసములలో 80 దినములు పనిచేసిన స్త్రీకే అది దక్కును. ఒప్పందములు మారుచు, పని తెగుచుండు కూలికి ఆ లెక్క కుదురుట కష్టము. మంచమునబడిన తల్లిదండ్రుల శుశ్రూషకు ప్రైవేటు కార్మికునకు ప్రత్యేక వేతనసెలవు చట్టమున లేనేలేదు. కార్మికవిషయములు ఉమ్మడిజాబితాలోనివి, ఈఎస్ఐ వైద్యము రాష్ట్రప్రభుత్వముల చేతిలోనిది. భూములిచ్చిన రైతుబిడ్డలే రేపటి కార్మికులు. వారి సెలవు యజమాని దయ కాక హక్కు కావలెనన్న, శాసనసభ్యులు గిరిగారి జీవితమును ఒకపరి తలచుకొనుట మేలు.