చప్పుడుకు ముక్కుతాడు వేసిన మాగ్జిమ్



మన గోడ పత్రికలో గొప్పవారి జీవితం రాసే వంతు ఈసారి నాకు వచ్చింది. ఇంతకుముందు గాంధీగారు, అల్లూరి, కొమురం భీం గురించి మనవాళ్లు బాగా రాశారు. నేను వేరే మనిషిని ఎంచుకున్నాను. దానికి కారణం మా తాత ఎడమ చెవి. అది ఎందుకో చివర్లో చెబుతాను.

ఆయన పేరు హైరమ్ పెర్సీ మాగ్జిమ్. 1869 సెప్టెంబరు 2న అమెరికాలోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. తండ్రి హైరమ్ స్టీవెన్స్ మాగ్జిమ్ కూడా పేరున్న మనిషే. నిమిషానికి 600 గుండ్లు కాల్చే మర తుపాకిని 1884 ప్రాంతంలో తయారుచేసింది ఆయనే. కానీ 1881లోనే ఆయన యూరప్ వెళ్లి, ఇంగ్లండులో ఉండిపోయాడు. అప్పటికి కొడుక్కి పన్నెండేళ్లు నిండలేదు. తర్వాత తండ్రీ కొడుకులు కలిసి ఉన్నది లేదు. ఏళ్ల తరబడి తుపాకుల మోత విని విని ఆ తండ్రికి చెవుడు వచ్చేసింది.

కొడుకు బాగా చదివాడు. 1886లో, పదిహేడేళ్లు కూడా నిండకుండానే ఎంఐటీలో చదువు పూర్తి చేశాడు. హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్లో మోటారు కార్లు తయారుచేసే పనిలో చేరాడు. ఒకరోజు స్నానాల తొట్టిలోంచి నీళ్లు సుడి తిరుగుతూ మెల్లగా కిందికి పోవడం చూశాడనీ, తుపాకి గొట్టంలోంచి వచ్చే గాలిని కూడా ఇలాగే తిప్పి తిప్పి వదిలితే చప్పుడు తగ్గదా అనుకున్నాడనీ చెబుతారు. 1909లో దానికి పేటెంటు వచ్చింది. అదే మాగ్జిమ్ సైలెన్సర్.

అది ఎలా పని చేస్తుందో ఒక బుడగతో చూడొచ్చు. ఊదిన బుడగను ముల్లుతో గుచ్చితే ఠప్‌మంటుంది. మూతి కొంచెం వదులు చేస్తే అదే గాలి సుయ్‌మని పోతుంది. తుపాకిలో మందు కాలినప్పుడు గుండు వెనకాల వేడి గాలి గొప్ప ఒత్తిడితో ఒక్కసారిగా బయటికి దూకుతుంది. ఆ దూకుడే పెద్ద మోత. సైలెన్సర్ అంటే గొట్టం మూతికి బిగించే డబ్బా. లోపల వరసగా చిన్న చిన్న అరలుంటాయి. గాలి వాటిలో చిక్కి, చల్లబడి, నెమ్మదిగా బయటికి వస్తుంది. మన సార్ల బైకు సైలెన్సర్ కూడా ఇదే పని చేస్తుంది. దానికి తగిలి కాలు కాల్చుకున్న వాళ్లలో నేనొకణ్ణి!

అయితే సినిమాల్లో చూపించినట్టు ఫట్ అని మాత్రమే వినపడదు. మామూలు రైఫిల్ మోత 160 డెసిబెల్స్ దాకా ఉంటుంది. సైలెన్సర్ అందులో 20 నుంచి 30 వరకే తగ్గిస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. రైఫిల్ గుండు అంతకంటే చాలా వేగంగా పోతూ గాలిని చీల్చి ఛెళ్లుమంటుంది. చెర్నాకోల కొస ఛెళ్లుమనేది కూడా ఇందుకే. ఈ చప్పుడు గొట్టం దాటాక, దారి పొడవునా పుడుతుంది కాబట్టి మాగ్జిమ్ డబ్బా దాన్ని ఆపలేదు. గుండు ధ్వని కంటే మెల్లగా పోయేదైతేనే ఆ ఛెళ్లు ఉండదు.

మరి అడవిలో జంతువుకు ఏం వినపడుతుంది? మనిషి చెవి సెకనుకు 20,000 కంపనాల దాకా పట్టుకుంటుంది. అమెరికాలోని తెల్లతోక జింక చెవి 30,000 దాకా పట్టుకుంటుంది. కాబట్టి సైలెన్సర్ పెట్టినా జింకకు ఆ ఛెళ్లు వినపడుతుంది. కానీ వేటగాడు ఉన్న చోటి నుంచి వచ్చే మోత తగ్గిపోతుంది గదా, ఎటు పక్క నుంచి ముప్పు వచ్చిందో దానికి తేల్చుకోవడం కష్టం. తల ఎత్తి ఎటు పరిగెత్తాలో తెలియక నిలబడొచ్చు. దీనికి సరిగ్గా ఎదురు పని చేసేది మజిల్ బ్రేక్. అది గాలిని పక్కలకు మళ్లించి తుపాకి వెనక్కి తన్నడాన్ని తగ్గిస్తుంది, కానీ పక్కనున్నవాళ్లకూ కాల్చినవాడికీ మోత ఇంకా ఎక్కువ చేస్తుంది.

1934లో అమెరికా ప్రభుత్వం తుపాకి సైలెన్సర్ల మీద 200 డాలర్ల పన్ను వేసింది. మాగ్జిమ్ కంపెనీ ఇంజన్ల చప్పుడు తగ్గించే సైలెన్సర్ల మీదకు మళ్లింది. ఫిన్లాండు, నార్వే వంటి చోట్ల మాత్రం వేటగాళ్లు చెవులు కాపాడుకోవడానికి తుపాకి సైలెన్సర్లు వాడతారు. మన దేశంలో 1972 చట్టం ప్రకారం అడవి జంతువుల వేట నేరం, అది మరిచిపోవద్దు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. పెద్ద చప్పుళ్లను అణచిన ఈ మనిషే చిన్న చప్పుళ్లను దూరం మోశాడు. 1914లో ఆయన రేడియో సందేశం హార్ట్‌ఫర్డ్ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్‌కు నేరుగా అందలేదు. మధ్యలో ఇంకొకరు అందుకుని పంపితే చేరింది. ఇలా ఒకరి నుంచి ఒకరికి అందించుకుంటూ పోతే దేశమంతా మాట్లాడుకోవచ్చని అదే ఏడాది రేడియో ప్రియుల సంఘం పెట్టాడు. ఆ సంఘం ఇప్పటికీ ఉంది. ఆయన 1936 ఫిబ్రవరి 17న కొలరాడోలో కన్నుమూశాడు. తండ్రితో గడిపిన చిన్ననాటి రోజుల మీద ఆయన రాసిన పుస్తకం కూడా ఆ ఏడాదే వచ్చింది.

ఇప్పుడు మా తాత సంగతి. వయసులో ఉన్నప్పుడు మంచె మీద కాపలా ఉండి, పందులు చేలో పడితే బెదరగొట్టడానికి నాటు తుపాకి పేల్చేవాడు. కుడి భుజానికి ఆనించి కాలిస్తే ఎడమ చెవి గొట్టం వైపుంటుంది, కుడి చెవి తల చాటున ఉంటుంది. అందుకే తాతకు ఎడమ చెవి పోయింది. నేను సెలవులకు ఇంటికెళ్తే కుడి పక్కనే కూర్చుంటాను. ఎడమ పక్క నుంచి పిలిస్తే పలకడు, కోపమొచ్చిందేమో అనుకునేవాణ్ణి చిన్నప్పుడు.

140 డెసిబెల్స్ దాటిన మోత ఒక్కసారి విన్నా చెవి దెబ్బ తినవచ్చు. లోపలి చెవిలో ఉండే సన్నని కణాలు చచ్చిపోతే మళ్లీ మొలవవు. కాబట్టి మిత్రులారా, దీపావళికి ఒకరి చెవి దగ్గర ఒకరు బాంబులు పేల్చే ఆట ఇకనుంచి మానేద్దాం. ముందు నేను మానేస్తున్నాను.

ఇట్లు,
మీ 9వ తరగతి మిత్రుడు