శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు

వ్యాసరచన గంటలో ఉపాధ్యాయుడు నల్లబల్లమీద విషయమును వ్రాసి కూర్చుండగానే విద్యార్థికి రెండు చింతలు కలుగును. ఏమి వ్రాయవలెను అనునది మొదటిది. ఎట్టి భాషలో వ్రాయవలెను అనునది రెండవది. నేటి మన బాలబాలికలకు రెండవ చింత అంతగా లేదు. ఒకప్పుడు అది మొదటి చింతను మ్రింగివేయునంత పెద్దదై యుండెను. ఆ బరువును దించుటకై తన జీవితోత్తరార్ధమును ధారవోసిన ఒక యుపాధ్యాయుని చరిత్రమును మా పాఠకులకు సంగ్రహముగా తెలుపనెంచితిమి.

రామమూర్తి పంతులుగారు 1863 సంవత్సరము ఆగష్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేట గ్రామమున జన్మించిరి. చిన్ననాడే తండ్రి గతించుటచే విశాఖపట్టణమున బంధువులయింట నుండి చదువుకొని, 1879లో మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థులైరి. మరుసటి యేడే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. కొలువు చేయుచునే ప్రైవేటుగా బి.ఏ. పట్టమును పొందిరి. ముఖలింగములోని ప్రాచీన శాసనములను తమంతట తామే చదువ నేర్చుకొనిరి. వారికి విద్య యనగా పాఠ్యపుస్తకముతో ముగియునది కాదు.

పర్లాకిమిడి పరిసరములలోని కొండలపై సవరలు నివసింతురు. వారి భాషకు నాడు వ్రాతలేదు, పుస్తకము లేదు. పంతులుగారు తెలుగు తెలిసిన సవర నొకనిని తమయింట నుంచుకొని, అతనికి శిష్యులై, ఆ భాషను నేర్చిరి. పిదప ఆ భాషలో వాచకములు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు పెట్టి, సవర పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పించిరి. కొండలలో తిరుగుటచే మలేరియా జ్వరము సోకెను. దానికై పుచ్చుకొన్న క్వినైను మందుచే వారికి చెవుడు వచ్చెను. ఆ పనిని మాత్రము వారు మానలేదు. పిల్లవాని నోటనున్న మాటయే వాని మొదటి అక్షరమునకు ఆధారము కావలెనని ఈ కొండబడులలోనే వారికి స్పష్టమయ్యెను.

1907 ప్రాంతమున యేట్సు దొరగారు ఉత్తర జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా నుండిరి. జనులు మాటలాడు తెలుగునకును పుస్తకములలోని తెలుగునకును ఇంత భేద మేలయని ఆయనకు సందేహము కలిగెను. విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారుగారును, విజయనగరమున గురజాడ అప్పారావుగారును, పర్లాకిమిడిలో రామమూర్తి పంతులుగారును ఈ ప్రశ్నపై ఆలోచన సాగించిరి. కొండపిల్లలకు తాము సమకూర్చిన న్యాయము తెలుగు పిల్లలకు లేదని పంతులుగారు అప్పుడు గుర్తించిరి.

ఆ యిబ్బంది యెట్టిదో ఊహింతము. ఒక విద్యార్థి తన యూరి సంతనుగూర్చి వ్రాయవలెననుకొనుడు. ఎడ్ల బేరము, గాజులవాని కేక, వాన వచ్చినప్పటి తొక్కిసలాట, అన్నియు వాడెరుగును. కాని ‘వచ్చాడు’ అనుమాట నోట నుండగా ‘వచ్చెను’ అని వ్రాయవలెను. సంధులు తప్పరాదు, అరసున్నలు, బండిరాలు ఉండవలసిన చోట ఉండవలెను. తప్పుల భయముచే వాడు సంతను విడిచి, కంఠస్థము చేసిన నాలుగు వాక్యములను అప్పగించును. దిద్దువాని యెర్రసిరా క్రియాపదములమీద పడునేగాని, ఆలోచనమీద పడదు. పరీక్ష ముగియును, కాని పిల్లవాడు తనకు తెలిసినదానిని చెప్పుట నేర్వలేదు.

కావుననే వ్యాసరచన పరీక్షయే ఈ వివాదమునకు రణరంగ మయ్యెను. 1912-13లో స్కూలు ఫైనలు పరీక్షయందు వ్యాసమును కావ్యభాషలోగాని, ఆధునికభాషలోగాని వ్రాయవచ్చునని ఉత్తరువు వెలువడెను. కళాశాల చదువునకు తొలిమెట్టైన ఇంటర్మీడియేటు తరగతులలో ఏ భాషను అంగీకరింపవలెనను ప్రశ్న మద్రాసు విశ్వవిద్యాలయమువారి యెదుట నిలిచెను. జయంతి రామయ్య పంతులుగారు మొదలైన పెద్దలు ఆధునికభాషను గట్టిగా ప్రతిఘటించిరి. జిల్లాకొక రీతిగా వ్రాసినయెడల భాష చీలిపోవుననియు, కవిత్రయమువారి సొత్తు మన పిల్లలకు దూరమగుననియు వారు భయపడిరి. ఆ భయము నిష్కారణమని మేమనము. ఏ మాండలికము వారైనను చదువుకొన్నవారు నలుగురిలో మాటలాడు శిష్టవ్యవహారమునే వ్రాయవచ్చునని పంతులుగారు సమాధానము చెప్పిరి.

1914లో విశ్వవిద్యాలయమువారు గ్రాంథిక పక్షమునే చేపట్టిరి. అప్పారావుగారు తమ అసమ్మతిని విపులమైన పత్రముగా వ్రాసి సమర్పించిరి. స్కూలు ఫైనలులో దొరికిన స్వేచ్ఛయు నిలువలేదు. మరుసటి యేడు అప్పారావుగారు స్వర్గస్థులైరి. అప్పటికి పంతులుగారికి ఏబదిరెండేండ్లు, కొలువు విరమించి నాలుగేండ్లు, చెవులు వినబడవు. మరియొకరైనచో ఇక చాలునని యింట కూర్చుండెడివారు.

వారు కూర్చుండలేదు. 1919లో ‘తెలుగు’ అను మాసపత్రికను స్థాపించిరి. ఊరూర సభలలో ప్రసంగించిరి. పూర్వుల వచనములనుండి ఉదాహరణములు వెదకి తీసి, వ్యవహారరూపములు వారి కాలమునను వ్రాతలో నుండెనని చూపిరి. గ్రాంథికమునే వ్రాయవలెనను పండితుల రచనలలోనే వ్యాకరణదోషములను వరుసగా ఎత్తి చూపిరి. గ్రాంథికము రాక దానిని తిరస్కరించినవారు కారు. దానిని లోతుగా నెరిగియే, అది పసిపిల్లల కలములకు సంకెల కాగూడదనిరి. మరియొకవంక సవరభాషా సేవయు సాగెను. వారి సవరవ్యాకరణమును 1931లో మద్రాసు ప్రభుత్వమువారు అచ్చువేయించిరి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున చేరగా, ముసలితనమున ఆ యూరిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 22వ తేదీన మద్రాసులో కీర్తిశేషులైరి.

బ్రతికియున్నంతకాలము పరీక్షాధికారులయెదుట వారికి పూర్తి జయము లభింపలేదు. క్రమముగా పత్రికలు, పాఠ్యపుస్తకములు, విద్యార్థుల జవాబు పత్రములు వారి త్రోవనే పట్టినవి. వారి జన్మదినము నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపబడుచున్నది.

మేము ఈ వ్యాసమును పాతమర్యాదనే వ్రాసితిమి. మా కది అలవాటైన త్రోవ. పంతులుగారును, నేర్చినవాడు వ్రాయగూడదని యనలేదు. కాని మా తరగతి గదులలో బాలుని ముందు కాగితము నుంచునపుడు వారి ప్రశ్నను మేము మరువరాదు. పిల్లవానికి తెలిసిన విషయమునే అడిగితిమా? వాని మాటలోనే వ్రాయనిచ్చితిమా? దిద్దునపుడు మొదట వాని భావమును చదివితిమా? తల్లిదండ్రులారా, మీ బిడ్డ వ్రాసిన కాగితమును ఈసారి యింట బిగ్గరగా చదివించి వినుడు. అందు మీ బిడ్డ గొంతు వినబడినచో, ఆ చెవిటి యుపాధ్యాయుని శ్రమ మీ యింట ఫలించినదని తెలిసికొనుడు.