అన్నం పెట్టిన ఉయ్యాలవాడ

ప్లేస్‌మెంట్లకు హోటల్ కంపెనీ వస్తే, వడ్డించే పని మనకెందుకులే అని మనలో చాలామంది పేరు కూడా ఇవ్వరు. వాళ్లంతా బుడ్డా వెంగళరెడ్డి గారి గురించి ఒకసారి తెలుసుకోవాలి.

ఆయనది కర్నూలు సీమలోని ఉయ్యాలవాడ. ఇప్పుడది నంద్యాల జిల్లా. కలిగిన కుటుంబం. 1866లో పెద్ద కరువొచ్చింది. జనం తిండి కోసం ఊళ్లు వదిలారు. వెంగళరెడ్డి గారు తన గాదెలు తెరిచి, గంజి కాయించి, కొన్ని నెలలపాటు రోజూ వేలమందికి పోయించారు.

అదేం చిన్న పని కాదు. గింజలు, కట్టెలు, నీళ్లు, వంటవాళ్లు, వరుసలు అన్నీ ముందురోజే లెక్క చూసుకోవాలి. లెక్క తప్పితే ఆ పూట ఎవరో పస్తే. నేడు హోటల్ మేనేజ్‌మెంట్‌లో స్టోర్స్, కిచెన్, సర్వీస్ అని నేర్పేది కూడా ఈ పనే.

విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. 1900లో ఆయన కన్నుమూశారు. సీమ పల్లెల్లో మాత్రం ఆయన మీద కట్టిన పాట మిగిలింది. ఆ పాట పతకం గురించి కాదు, పెట్టిన చేతి గురించి.

ఈసారి ఆ కంపెనీ వస్తే, ఒక్కసారి పేరిచ్చి చూడండి.