జిగోరో కానో

జపాను దేశమున కోబే నగర సమీపమునందలి మికాగేలో 1860వ సంవత్సరమున జిగోరో కానో జన్మించెను. అతడు చదువున మేటి, దేహమున దుర్బలుడు. పాఠశాలలో బలవంతులైన బాలురు అతనిని తరచు కొట్టి అవమానించుచుండిరి. బలహీనుడు సైతము బలాఢ్యుని గెలువగల విద్య జుజుత్సు అని విని, దానిని నేర్వగోరెను. కాలము చెల్లిన విద్య యని పెద్దలు వారించిరి. అతని పట్టుదల సడలలేదు.

1877లో టోక్యో విశ్వవిద్యాలయమున చేరిన పిదప అతనికి ఫుకుదా హాచినోసుకె అను గురువు లభించెను. ఒకనాడు కానో ఒక పట్టును గూర్చి ప్రశ్నింపగా, గురువు బదులీయక అతనిని మరల మరల పడవైచెను. దేహము నొచ్చినను కానో వెనుదీయలేదు. పట్టులోని మర్మమును తానే అన్వేషింపసాగెను. తనకంటె బరువైన సహాధ్యాయి చేత పలుమార్లు ఓడి, పాశ్చాత్య మల్లవిద్యా గ్రంథములను పరిశీలించి, తుదకాతనిని భుజములపై కెత్తి పడవైచెను.

1879లో ఫుకుదా మరణించెను. రెండవ గురువగు ఇసో మసాతోమోయు 1881లో గతించెను. కానో నిరాశ చెందక ఇయికుబో త్సునెతోషి నాశ్రయించెను. 1882లో టోక్యోలోని ఎయిషోజి ఆలయమున 12 చాపల చోటులో కొదోకాన్ విద్యాలయమును స్థాపించి, జూడో విద్యను బోధింపసాగెను. తాను ఆచార్యుడయ్యును, ఇయికుబో ముందు శిష్యుడుగనే నిలిచి సాధన చేసెను.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు 20 ఏండ్లకు పైగా అధ్యక్షుడైన కానో, 1909లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమున ఆసియా ఖండపు తొలి సభ్యుడయ్యెను. 1938లో కైరో సభనుండి మరలుచు ఓడలోనే కన్నుమూసెను. 1964లో టోక్యో ఒలింపిక్ క్రీడలందు జూడోకు స్థానము లభించెను. దెబ్బలు తిన్న బాలుడు పగ తీర్చుకొనుటకు గాక, లోకమునకు నేర్పుటకై జీవితాంతము శ్రమించెను.