లోహకుటుంబములు – మెండలీవ్ మహాశయుడు

మన వంటింటి ఉప్పులో ఒక లోహము కలదు. కట్టెల బూడిదలో ఒకటి కలదు. చెరకు రసము కాచునపుడు మడ్డి తేల్చుటకై పెనములో వేయు సున్నమున మఱియొకటి కలదు. ఇవి వరుసగా సోడియము, పొటాసియము, కాల్షియము. ఇవి ఇనుము, రాగి వంటి లోహములే యని చూచినవారికి తోచదు. ఇట్టి లోహముల నడుమ గల చుట్టరికమును గుర్తించి, మూలకములనన్నిటిని ఒక్క పట్టికలో కుదిర్చిన మహనీయుడు డిమిట్రీ ఇవనోవిచ్ మెండలీవ్.

ఆయన 1834 ఫిబ్రవరి 8వ తేదీన రష్యాదేశపు సైబీరియాలో టొబోల్స్క్ పట్టణమున జన్మించెను. పెద్ద సంసారములో కడగొట్టు బిడ్డడు. తండ్రి ఇవాన్ పాఠశాలాధ్యక్షుడు. కుమారుడు పుట్టిన యేడే ఆయనకు చూపు పోయెను. దానితో ఉద్యోగమును పోయెను. తల్లి మరియా తన పుట్టింటివారి గాజు కర్మాగారమును నడిపి బిడ్డలను పోషించెను. 1847లో భర్త మరణించెను. మరుసటి యేడు కర్మాగారము అగ్నికి ఆహుతి అయ్యెను. అయినను ఆమె అధైర్యపడక, కుమారుని చదువుకై 1849లో ఉన్న ఊరు విడిచి మాస్కో చేరెను. అచటి విశ్వవిద్యాలయమున ప్రవేశము దొరకలేదు. పిదప పీటర్సుబర్గునకు పోయి, 1850లో అతనిని ఉపాధ్యాయ శిక్షణాలయమున చేర్పించి, ఆ యేడే కన్నుమూసెను.

1867లో మెండలీవ్ పీటర్సుబర్గు విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రాచార్యుడయ్యెను. విద్యార్థులకు తగిన గ్రంథము లేకుండుటచే తానే వ్రాయబూనెను. నాటికి తెలిసిన మూలకములు 63. సోడియము కుటుంబమును గూర్చి వ్రాసిన పిమ్మట ఏ కుటుంబమును వ్రాయవలెననునది చిక్కు ప్రశ్న. ఆయన పరమాణుభారములను ప్రక్కప్రక్కన నుంచి పోల్చి చూచెను. సోడియము 23, మెగ్నీషియము 24. పొటాసియము 39, కాల్షియము 40. రుబీడియము 85, స్ట్రాన్షియము 88. సీసియము 133, బేరియము 137. మొదటి కుటుంబపు లోహములు కత్తికి తెగునంత మెత్తనివి. నీటిలో పడినంతనే తీవ్రముగా చర్య జరుపును. రెండవ కుటుంబమువి వానికంటె గట్టివి, నెమ్మదైనవి. సోడియము పరమాణువు ఒక్క క్లోరిన్ పరమాణువుతో కూడగా, కాల్షియము పరమాణువు రెండింటితో కూడును. గుణములు వేరైనను, ఈ రెండు కుటుంబములును ప్రతి వరుసయందును ఇరుగుపొరుగులే. భారక్రమమున పేర్చిన గుణములు మరల మరల వచ్చుచున్నవని గ్రహించి, 1869 మార్చిలో ఆయన తన పట్టికను లోకమునకు వెల్లడించెను.

అందు కొన్ని గదులు ఖాళీగా నుండెను. అచట కనుగొనబడని మూలకములు ఉండితీరవలెనని 1871లో ఆయన ప్రకటించెను. వానికి మన సంస్కృతమునందలి ‘ఏక’ శబ్దమును చేర్చి ఏక-అల్యూమినియము, ఏక-బోరాను, ఏక-సిలికాను అని పేరిడెను. అవి దొరకకున్నచో ఆయన సిద్ధాంతము నవ్వులపాలు కావలసినదే.

1875లో ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞుడు బ్వాబోద్రాన్ యశద ఖనిజములో గాలియమను క్రొత్త లోహమును కనుగొనెను. అదియే ఏక-అల్యూమినియము. కాని దాని సాంద్రత 4.7 అని ఆయన తేల్చెను. లోహమును కంట చూడని మెండలీవ్, అది 5.9 ఉండవలెనని తెలియజేసెను. లోహమును శుద్ధిచేసి మరల కొలువగా 5.9 అనియే తేలెను. ఈ గాలియము 30 డిగ్రీల వేడికే కరగును. మన వేసవిలో దానికి నిప్పుతో పనిలేదు. మన విశాఖ మన్యపు కొండలలో నున్న బాక్సైటు అల్యూమినియపు ఖనిజము. నేడు లోకమునకు గాలియము అధికభాగము బాక్సైటును శుద్ధిచేయునపుడే లభించుచున్నది. ఒకే కుటుంబమువారు ఒకే ఇంట నుండుట వింత కాదు గదా! 1879లో స్కాండియము, 1886లో జెర్మేనియము దొరకుటతో తక్కిన రెండు గదులును నిండెను.

ఆయన ఊహలన్నియు నిజము కాలేదు. టెల్లూరియమును గుణములనుబట్టి అయొడినుకు ముందుంచి, భారము ఎక్కువగా నుండుటకు కొలతలోని తప్పే కారణమని తలచెను. కొలత సరియైనదే. వరుసకు ఆధారము భారము కాదనియు, పరమాణు కేంద్రకమునందలి విద్యుదావేశమనియు 1913లో మోస్లీ నిరూపించెను. అయినను మెండలీవ్ ఏర్పఱచిన కుటుంబములు చెదరలేదు.

1890లో విద్యార్థుల విన్నపమును మంత్రికి అందజేయగా అది త్రిప్పి పంపబడుటచే, ఆయన ఆచార్యపదవిని విడిచెను. 1893 నుండి తూనికలు కొలతల సంస్థకు అధిపతిగా నుండి, 1907 ఫిబ్రవరి 2వ తేదీన దివంగతుడయ్యెను. నోబెల్ బహుమానము ఆయనకు దక్కలేదు. 1955లో కనుగొన్న 101వ మూలకమునకు మాత్రము ఆయన పేరే పెట్టిరి.

విద్యార్థులకొక మంచి పుస్తకము కావలెనను తలంపే ఇంత పనికి మూలమైనది. మన గ్రంథాలయపు రజతోత్సవ వేళ, ఆ పుస్తకము వ్రాసినవానిని, వానిని చదివించిన తల్లిని స్మరించుట మనకు ఉచితము.