వీరేశలింగము పంతులుగారు ఎన్నుకొన్న కొలువు

గోదావరీ తీరమున వెలసిన పట్టణములలో రాజమహేంద్రవరము మిక్కిలి ప్రాచీనమైనది. రాజరాజనరేంద్రుని ఆస్థానమున నన్నయభట్టు మహాభారతమును తెనిగింప మొదలిడిన చోటు అదియే. ఆ పట్టణముననే 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన కందుకూరి వీరేశలింగముగారు జన్మించిరి. తండ్రి సుబ్బారాయుడు, తల్లి పున్నమ్మ. బాలునకు నాలుగేండ్లు నిండునప్పటికి తండ్రి గతించెను. పెదతండ్రియైన వెంకటరత్నముగారు ఆ బాలుని చేరదీసి కన్నకొడుకువలె పెంచిరి. ఒకప్పుడు కలిగిన కుటుంబమే అయినను, ఆనాటికి సిరి తగ్గి, అప్పులు పెరిగియుండెను.

వీరేశలింగముగారు మొదట వీధిబడిలో చదివి, పిమ్మట ప్రభుత్వ పాఠశాలలో ఆంగ్లవిద్య నేర్చిరి. చిన్ననాటనే వారికి వివాహమయ్యెను. వధువు పేరు బాపమ్మ. ఆమెయే తరువాత రాజ్యలక్ష్మమ్మగా ప్రసిద్ధి చెందెను. చదువుకొనుచున్న కాలముననే వీరేశలింగముగారు వంగదేశమునందలి కేశవచంద్రసేనుని వ్యాసములను చదివిరి. విన్నదానినెల్ల నమ్మక, తన బుద్ధితో పరీక్షించి చూచుట వారికి అలవాటయ్యెను. దయ్యములు లేవని ఇంటివారికి నిరూపించుటకై అర్ధరాత్రివేళ ఒంటరిగా శ్మశానమునకు పోయి వచ్చెడివారు.

వారు మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణులైరి. ఆ దినములలో ఆ పరీక్ష నెగ్గినవారు వేళ్లమీద లెక్కింపదగినంతమంది మాత్రమే. అట్టివానికి కచేరీలో కొలువు దొరకుట కష్టము కాదు. పైగా 1852లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి నీరు కాలువలవెంట పల్లెపల్లెకును పారెను. బీడులు మాగాణులయ్యెను. భూములతోపాటు శిస్తులు, లెక్కలు, తగవులు కూడ పెరిగెను. కాబట్టి ప్రభుత్వోద్యోగికి ఊరిలో గౌరవము, చేతిలో అధికారము ఉండెడివి. జీతమునకు మించిన రాబడియు ఉండెడిదని జనులు బాహాటముగనే చెప్పుకొనెడివారు.

పెదతండ్రి పోయిన తరువాత సంసారభారము యువకుని భుజములపై పడెను. ఉద్యోగము తప్పనిసరియయ్యెను. వీరేశలింగముగారు కచేరీలో పని కొఱకు ప్రయత్నించిరి. కాని లంచము చెల్లించినగాని ఆ పని దొరకదని వారికి తెలియవచ్చెను. ఇచ్చినవారు అనేకులు, ఇచ్చుట తప్పని తలంచినవారు అరుదు. లంచమిచ్చి కొలువులో చేరినవాడు ఆ సొమ్మును తిరిగి ఎవరివద్ద రాబట్టుకొనును? కచేరీ గుమ్మమునకు వచ్చిన పేదరైతువద్దనే గదా. ఈ సంగతిని గ్రహించి వారు ఆ ప్రయత్నమును విడిచిరి.

పిమ్మట న్యాయవాద వృత్తి యోగ్యమైనదని తలంచి దానికి కావలసిన చదువు చదివిరి. కాని న్యాయస్థానముల తీరును దగ్గరనుండి చూచినకొలది, అసత్యమాడక ఆ వృత్తిలో నెగ్గుకొనివచ్చుట దుర్లభమని వారికి తోచెను. దానినిగూడ వదలుకొనిరి. ఇట్లు ధనమును, అధికారమును తెచ్చిపెట్టు రెండు త్రోవలను తమంతట తామే మూసివేసికొని, ఆ యువకులు ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించిరి. జీతము స్వల్పము, బంధువులకు అది పెద్ద కొలువుగా కనబడియుండదు. అయినను పదిమంది పిల్లల బుద్ధిని తీర్చిదిద్దు అవకాశము మరియే కొలువులోను లేదని వారు నమ్మిరి.

మొదట వారు కోరంగి పాఠశాలలో పనిచేసిరి. కోరంగి సముద్రతీరపు రేవు. ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన ఆ ఊరు 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలకు పాడుపడెను. ఆ మారుమూల రెండేండ్లు పనిచేసి, 1874లో ధవళేశ్వరమునకు ప్రధానోపాధ్యాయులుగా వచ్చిరి.

పాఠము చెప్పి ఇంటికి పోవుటతో ఉపాధ్యాయుని పని ముగియదని ధవళేశ్వరమున వారు చూపిరి. ఆ 1874లోనే అక్కడ బాలికలకొక పాఠశాల నెలకొల్పిరి. ఆడుపిల్లకు అక్షరము నేర్పిన కీడు కలుగునని పెద్దలు భయపడుచున్న కాలమది. ఆ సంవత్సరమే వివేకవర్ధని యను పత్రికను ప్రారంభించిరి. ఏ లంచగొండితనమును చూచి తాము కొలువు వదలుకొనిరో, దానిని ఆ పత్రికలో నిర్భయముగ ఎండగట్టిరి. న్యాయవాదుల అక్రమములను గేలిచేయుచు ఒక నాటకము రచించిరి. ఉద్యోగమునకు దూరముగ తొలగిపోవుటతో తృప్తిపడక, దానిలోని చెడుగును కడిగివేయుటకు కలమును చేపట్టిరన్నమాట. 1876లో రాజమహేంద్రవరమందలి ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులైరి. 1880లో వారి రాజశేఖర చరిత్రము గ్రంథరూపమున వెలువడెను. తెలుగు నవలలకు అది దారి చూపినది. 1883లో స్త్రీలకొఱకు సతీహితబోధిని యను పత్రికను గూడ స్థాపించిరి.

కాని వారి ధైర్యమునకు అసలైన పరీక్ష వితంతు వివాహముల విషయమున వచ్చెను. ఆ కాలమున ఐదారేండ్ల పసిబాలికలకు పెండ్లి చేయుచుండిరి. భర్త మరణించినచో, ఆ ముఖమునైన ఎరుగని బాలిక జీవితాంతము వైధవ్యము అనుభవింపవలసివచ్చెడిది. ఈశ్వరచంద్ర విద్యాసాగరుని కృషిఫలముగా 1856లో వితంతు పునర్వివాహమునకు చట్టము అనుమతినిచ్చెను. అయినను తెలుగునాట ఆ చట్టము కాగితముపైననే నిలిచియుండెను. 1879లో వీరేశలింగముగారు ఈ విషయమును గురించి బహిరంగముగా ఉపన్యసించిరి. శాస్త్రముల నుండియే ప్రమాణములు చూపి పండితులతో వాదించిరి.

వాదములో గెలుచుట వేరు, పెండ్లిపందిరి వేయుట వేరు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వారి యింటనే గోగులపాటి శ్రీరాములుగారికిని, గౌరమ్మ యను బాలవితంతువునకును వివాహము జరిగెను. పట్టణమంతయు అట్టుడికినట్లు ఉడికిపోయెను. వంటవారు పని మానిరి. నీళ్లు తెచ్చువారు రారైరి. బంధువులు ముఖము చాటువేసిరి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు బిందె చంకనెత్తుకొని గోదావరికి పోయి నీళ్లు తెచ్చిరి. తామే వండి వడ్డించిరి. అల్లరి జరుగకుండ పోలీసువారు కాపలా నిలిచిరి. పంతులుగారివద్ద చదువుకొన్న విద్యార్థులు వారికి కుడిభుజమై నిలిచిరి. కచేరీ కొలువుకు బదులు బడి కొలువును ఎన్నుకొన్నందులకు ఆనాడు వారికి దక్కిన ప్రతిఫలమది. కాకినాడలోని వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. ఆ మొదటి వివాహమైన నాలుగుదినములకే రెండవ వివాహమును జరిగెను.

వివాహములలో పాల్గొన్నవారిని కులపెద్దలు వెలివేసిరి. అండగా నిలిచినవారిలో కొందరు భయపడి ప్రాయశ్చిత్తము చేసికొని వెనుకకు తగ్గిరి. వీరేశలింగముగారు మాత్రము తగ్గలేదు. తమ జీవితకాలమున సుమారు నలుబది వితంతు వివాహములు జరిపించిరి. దిక్కులేని వితంతువులకు తమ యింటనే ఆశ్రయమిచ్చిరి. వారికొఱకు శరణాలయమును స్థాపించిరి. ఆ దంపతులకు సంతానము లేదు. ఆశ్రయము పొందిన బాలికలే వారికి బిడ్డలైరి. 1890లో ప్రజలు సభలు జరుపుకొనుటకై రాజమహేంద్రవరమున పురమందిరమును కట్టించిరి. 1893లో ప్రభుత్వము వారికి రావుబహదూరు బిరుదమును ఒసగెను. ఒకనాడు లంచమియ్యనందున కొలువు దొరకని యువకుని, ఆ ప్రభుత్వమే పిలిచి సన్మానించినది.

తరువాత వారు చెన్నపట్టణమునకు పోయి ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు బోధించిరి. 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి, జన్మమంతయు కష్టించి కూడబెట్టిన ఆస్తిని దానికి అర్పించిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు పరమపదించిరి. కష్టములన్నిటను పాలుపంచుకొన్న ఆ తోడు పోయినను పంతులుగారు పని మానలేదు. తమ స్వీయచరిత్రమును రెండు భాగములుగా ముగించిరి. 1919 మే 27వ తేదీన చెన్నపట్టణమున దేహము చాలించిరి. రాజమహేంద్రవరమున వారు జన్మించిన గృహమును నేటికిని జనులు పోయి దర్శించుచున్నారు.

పరీక్ష నెగ్గి పాఠశాల విడిచిన ప్రతి యువకునకును ఏ పని చేపట్టవలెనను ప్రశ్న ఎదురగును. ఎంత జీతము, ఎంత గౌరవము అని విచారించుట సహజమే. కడుపు నిండవలెను, ఇల్లు నడువవలెను. వీరేశలింగముగారును ఆ అవసరములను ఎరిగినవారే. వారు విచారించినది మరియొకటి గూడ కలదు. ఆ పనిలో ప్రవేశించుటకు ఏమి చెల్లింపవలెను, దానిలో నిలిచియుండుటకు ఏమి వదలుకొనవలెను, దానివలన ఇరుగుపొరుగునకు కలుగు మేలేమి అని వారు ప్రశ్నించుకొనిరి. ఆ ప్రశ్నలకు లభించిన సమాధానమే కోరంగిలోని ఆ చిన్న బడి. ఆ బడిలో మొదలైన సేవయే క్రమముగ పెరిగి, తెలుగునాట ఎందరో నిర్భాగ్యులకు నీడయయ్యెను.